తలుపు దగ్గరి మనుషుల్ని మార్చిన చిత్రకారుడు

1858లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనకు వచ్చినవారిని ఒక చిత్రం కలవరపెట్టింది. చీకటి నేలమాళిగలో కొందరు ఇంగ్లిష్ స్త్రీలు, పిల్లలు ఒకరినొకరు హత్తుకుని ఉన్నారు. వారితోపాటు ఒక భారతీయ ఆయా. నడుమనున్న స్త్రీ చేతిలో బైబిల్ ఉంది, ఆమె చూపు పైకి నిలిచి ఉంది. వెనక తలుపు తోసుకుని సిపాయిలు లోపలికి వస్తున్నారు. అంతకు ముందటి ఏడాది, 1857 జూలైలో, కాన్పూర్‌లో బందీలుగా ఉన్న దాదాపు 200 మంది స్త్రీలు, పిల్లలు హతమయ్యారు. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఇలాంటి దృశ్యం గోడకు తగిలించదగ్గది కాదని విమర్శకులు మండిపడ్డారు.

ఆ చిత్రం గీసినాయన జోసెఫ్ నోయెల్ పేటన్. విచిత్రమేమిటంటే, జనానికి అప్పటికి ఆయన ఫెయిరీల చిత్రకారుడు. ఫెయిరీలంటే మన చందమామ కథల్లోని దేవకన్యల్లాంటివారే, కాకపోతే ఆకుచాటున దాగేటంత చిన్నవాళ్లు, అల్లరివాళ్లు.

పేటన్ 1821 డిసెంబర్ 13న స్కాట్లండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టాడు. అది నేతగాళ్ల ఊరు. తండ్రి నారబట్టల మీద నేసే పువ్వులు, లతల నమూనాలు గీసేవాడు. భక్తిపరుడు. తల్లి కొండప్రాంతపు పాత కథలు చెప్పేది. పేటన్ కూడా మొదట పెయిస్లీలోని ఒక మస్లిన్ ఫ్యాక్టరీలో డిజైనర్‌గా మూడేళ్లు పనిచేశాడు. ఆకులు, తీగలు అంత సూక్ష్మంగా గీసే చెయ్యి ఆయనకు అక్కడే వచ్చి ఉంటుందని నాకనిపిస్తుంది. ఆ ఇంట అందరూ కళాకారులే. తమ్ముడు వాలర్ ప్రకృతి దృశ్యాలు గీసేవాడు. ఎడిన్‌బరో నడిబొడ్డునున్న డేవిడ్ లివింగ్‌స్టన్ మిషనరీగారి విగ్రహాన్ని చెక్కింది ఆయన అక్క అమీలియానే.

1847లో లండన్ పార్లమెంటు కొత్త భవనం కోసం పెట్టిన పోటీకి పేటన్ రెండు చిత్రాలు పంపాడు. ఒకటి సిలువ మోస్తున్న క్రీస్తు. రెండోది షేక్‌స్పియర్ నాటకంలోని ఫెయిరీ రాజు ఒబెరాన్, రాణి టిటానియా సమాధానపడిన దృశ్యం. రెండింటికీ కలిపి 300 పౌండ్ల బహుమతి వచ్చింది. అప్పటికాయనకు పాతికేళ్లు. ఆ రాజు, రాణి పోట్లాడుకున్న దృశ్యాన్ని 1849లో గీశాడు. ఎడిన్‌బరోలో దాన్ని చూసిన లూయిస్ కరోల్, అంటే ఆలిస్ కథ రాసినాయన, అందులోని ఫెయిరీలను ఓపికగా లెక్కపెట్టి 165 మంది అని తేల్చాడు!

ఇంత ఊహాలోకంలో తిరిగిన మనిషి కాన్పూర్ లాంటి చోటికి కుంచె పట్టుకుని ఎందుకు వెళ్లాడు? ఆ స్త్రీల క్రైస్తవ విశ్వాసాన్ని గౌరవించాలని వెళ్లాడు. చిత్రాన్ని వారికే అంకితమిచ్చాడు. కానీ విమర్శలు ఆగకపోయేసరికి తలుపు దగ్గరి సిపాయిలను చెరిపేసి, కాపాడడానికి వస్తున్న స్కాట్లండ్ సైనికులను గీశాడు. చూసేవారికి ఊరట దొరికింది. అయితే కాన్పూర్‌లో ఆ తలుపు దగ్గరకు సమయానికి ఎవరూ రాలేదు. సైన్యం చేరేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత ఆ సైన్యమే విచారణ సరిగా లేకుండా ఎందరో భారతీయులను ఉరితీసింది. అంతకు ముందు అలహాబాద్ చుట్టుపక్కల గ్రామాల్లోనూ నిరపరాధులు బలైపోయారు. వారి కోసం పేటన్ కుంచె కదలలేదు. భారతీయ విశ్వాసిగా ఈ చిత్రాన్ని చూసినప్పుడు నాకు ఆ వెలితి కనిపిస్తూనే ఉంటుంది.

మొదటి చిత్రంలోని స్త్రీకి రక్షించేవాడెవడూ కనిపించడు, అయినా ఆమె పైకే చూస్తోంది. మార్చిన చిత్రంలోనూ ఆమె చూపు అదే. కానీ వెనక సైనికులు వచ్చేశాక ఆ చూపు బరువు తగ్గిపోయింది. పేటన్‌కు ఈ సంగతి తెలియకుండా ఉంటుందా? 1866లో ఆయన మరో చిత్రం గీశాడు. దాని లాటిన్ పేరుకు మరణమే జీవద్వారమని అర్థం. చీకటి లోయలో అలసిపోయిన ఒక క్రైస్తవ యోధుడు, అతని ఎదుట మరణదూత. ఈసారి ఆదుకోవడానికి ఏ సైన్యమూ రాదు. భయపెట్టిన ఆ ఆకారమే ముసుగు తీసి వెలుగుతో నిలబడుతుంది.

ఆ రోజుల్లోనే విక్టోరియా రాణి ఆయన్ను స్కాట్లండ్‌కు తన ఆస్థాన చిత్రకారుడిగా నియమించింది, 1867లో సర్ బిరుదు ఇచ్చింది. అదే ఏడాది మరో పెద్ద ఫెయిరీ చిత్రం కూడా పూర్తిచేశాడు, అదిప్పుడు గ్లాస్గోలోని కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో ఉంది. తర్వాతి ముప్ఫై ఏళ్లూ ఎక్కువగా బైబిల్ విషయాలకే ఇచ్చాడు. అరణ్యంలో నిద్రిస్తున్న క్రీస్తును సాతాను కాచుకుని చూస్తున్న చిత్రం 1874 నాటిది. ఇలాంటి చిత్రాలను ఊరూరా తిప్పి ప్రదర్శించేవారు. ముద్రించిన ప్రతులు కొనుక్కుని జనం ఇళ్లలో పెట్టుకున్నారు. కళాపండితులు మాత్రం ఇవి ఫెయిరీ చిత్రాలంత గొప్పవి కావన్నారు, ఇప్పటికీ అంటారు.

పదకొండు మంది బిడ్డల తండ్రి అయిన పేటన్ 1901లో, క్రిస్మస్ మరునాడు, ఎడిన్‌బరోలోని తన ఇంట్లో కన్నుమూశాడు. ఆ నగరంలోని డీన్ స్మశానంలోనే ఆయన సమాధి ఉంది.