గెలీలియో వాలుబల్ల

గెలీలియో పేరు చెప్పగానే అందరికీ టెలిస్కోపు గుర్తుకొస్తుంది. మేము మాత్రం ఆయన చెక్కబల్ల గురించి రాయాలనుకున్నాము. టెలిస్కోపు మన హాస్టల్లో లేదు, చెక్కబల్ల ఉంది.

గెలీలియో 1564 ఫిబ్రవరి 15న ఇటలీలోని పీసా నగరంలో జన్మించాడు. తండ్రి విన్సెంజో సంగీత విద్వాంసుడు. ఇంట్లో విద్య ఉంది గాని డబ్బు లేదు. కొడుకు డాక్టరైతే కష్టాలు తీరతాయని 1581లో పీసా విశ్వవిద్యాలయంలో వైద్యంలో చేర్పించాడు. మన ఇళ్ళలోనూ ఇదే లెక్క గదా! కొడుకు మనసేమో లెక్కల మీదికి పోయింది. 1585లో డిగ్రీ లేకుండానే బయటికి వచ్చేశాడు. ట్యూషన్లు చెప్పుకుంటూ, చివరికి 1589లో అదే విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే ఉద్యోగం సంపాదించాడు. జీతం ఏడాదికి 60 స్కూడీలు. వైద్యం చెప్పేవారి జీతం ముందు అది చాలా తక్కువ. 1591లో తండ్రి చనిపోయాడు. తమ్ముడి బాధ్యత, చెల్లెళ్ళ కట్నాలు పెద్దకొడుకు మీద పడ్డాయి.

1592లో పాదువా వెళ్ళి అక్కడ 18 ఏళ్ళు పనిచేశాడు. జీతం చాలక తన ఇంట్లోనే విద్యార్థులకు గదులిచ్చి, భోజనం పెట్టి, పాఠాలు చెప్పేవాడు. ఒకరకంగా ఆయనా హాస్టల్ నడిపినవాడే.

బరువైన వస్తువు వేగంగా, తేలికైనది నెమ్మదిగా పడుతుందని అరిస్టాటిల్ కాలం నుంచీ పండితులు చెప్పేవారు. గెలీలియో పీసా గోపురం మీదినుంచి గుండ్లు జారవిడిచి అది తప్పని చూపాడని అందరం చదువుకున్నాము. శిష్యుడు వివియాని రాసిన ఆ కథను చరిత్రకారులు చాలామంది నమ్మరు. అసలు చిక్కు ఏమిటంటే, పైనుంచి పడే వస్తువు రెప్పపాటులో నేలను తాకుతుంది. అంత తక్కువ సమయాన్ని కచ్చితంగా కొలిచే గడియారం ఆయన దగ్గర లేదు. మరి కొలిచేదెలా?

ఆయనకు తట్టిన ఉపాయం వాలుబల్ల. వాలు మీద దొర్లే గుండు కూడా కిందికి పడుతున్నట్టే, కాకపోతే నిదానంగా. 12 మూరల పొడవున్న దూలం తీసుకుని (వాళ్ళ మూర మనదానికంటే కాస్త పెద్దది) వేలెడు వెడల్పున తిన్నని గాడి తీయించాడు. గాడికి నునుపైన తోలుకాగితం అతికించి, గుండ్రటి కంచు గుండును దొర్లించాడు. కాలం కొలవడానికి నీళ్ళ తొట్టి వాడాడు. దాని అడుగున సన్నని గొట్టం. గుండు కదిలినప్పటినుంచి ఆగేదాకా కారిన నీటిని గిన్నెలో పట్టి తూకం వేసేవాడు. ఒక్కసారి కాదు, వందసార్లు. తేలింది ఇది: సమయం రెండింతలైతే దూరం నాలుగింతలు, మూడింతలైతే దూరం తొమ్మిదింతలు.

వేగం, త్వరణం నిర్వచనాలు బట్టీపట్టి పదో తరగతి పాసైనవాళ్ళమే మేమూ. మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు కాబట్టి ఇంట్లో అడుగుదామన్నా చెప్పేవాళ్ళు లేరు. గోలీ దొర్లించి చూసింది పి.జి.లో! అందుకే ఈమధ్య హాస్టల్‌కు వచ్చినప్పుడు మూడో తరగతి పిల్లలతో కూర్చున్నాము. కరెంటు వైరింగుకు వాడే ఆరడుగుల ప్లాస్టిక్ పట్టీ ఒకటి తెచ్చి, మంచం చెక్క మీద పెట్టి, ఒక చివర ఇటుక ఎత్తు లేపాము. పెద్ద గోలీ ముందొస్తుందని అందరూ అరిచారు. రెండూ కలిసే వచ్చాయి. పిల్లలు నమ్మక, గోలీలు మార్చి మార్చి వదిలారు. (ఇందుకు గట్టి గోలీలే వాడాలి. లోపల బోలుగా ఉండే ప్లాస్టిక్ బంతి వెనకబడుతుంది.) తర్వాత పైనుంచి పావువంతు దగ్గర సుద్దగీత గీసి, సమంగా చప్పట్లు కొట్టించాము. గీత దాకా రెండు చప్పట్లు పడితే, మిగిలిన ముప్పావు దారికీ రెండే పట్టాయి. త్వరణం అనే మాట మేము ఎత్తలేదు. పోను పోను ఉరుకుతోందన్నా అని వాళ్ళే చెప్పారు. పెద్ద తరగతుల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ పని ఆదివారాల్లో చేయించవచ్చు. ముందు పిల్లల చేత ఊహ చెప్పించండి, ఆ తర్వాతే గోలీ వదలండి.

ఇక గెలీలియో సంగతి. 1610లో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చంద్రుల గురించి ప్రకటించి యూరప్ అంతటా పేరు పొందాడు. భూమి తిరుగుతోందన్న వాదాన్ని బలపరచినందుకు 1633లో మత న్యాయస్థానం ఆయనను శిక్షించింది. ఫ్లారెన్స్ దగ్గర ఆర్చెత్రిలో గృహనిర్బంధం. మరుసటి ఏడాదే ప్రాణంలా చూసుకున్న పెద్దకూతురు చనిపోయింది. డెబ్బై ఏళ్ళ వయసులో ఆయన పాత వాలుబల్ల లెక్కలు మళ్ళీ బయటికి తీశాడు. ముగ్గురు మిత్రులు నాలుగు రోజులు మాట్లాడుకున్నట్టుగా పుస్తకం రాశాడు. మూడో రోజు మాటల్లో వస్తుంది ఆ బల్ల, ఆ కంచు గుండు, ఆ నీళ్ళ తొట్టి. ఇటలీలో అచ్చువేసే వీలు లేక 1638లో హాలెండ్‌లోని లైడెన్‌లో వేయించారు. అది చేతికి వచ్చేసరికి ఆయన రెండు కళ్ళూ పోయాయి.

1641లో, చూపు లేకుండానే, లోలకంతో నడిచే గడియారం ఎలా చేయవచ్చో కొడుకుకు చెప్పి బొమ్మ గీయించాడు. అది పూర్తికాకముందే 1642 జనవరి 8న కన్నుమూశాడు. 1656లో హైగెన్స్ లోలకపు గడియారం తయారుచేసేనాటికి గెలీలియో పోయి 14 ఏళ్ళు.