మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు

పులికాటు సరస్సు చెంత, తడ ప్రాంతమున వసించు మన విద్యార్థులకు కార్తీకపు వానలును వరదలును క్రొత్త కావు. కావున, వరదపాలైన యొక మహానగరమునకు రక్షణోపాయము చూపిన మహనీయుని చరిత్రమును వారికి తెలుపగోరుచున్నాము.

విశ్వేశ్వరయ్యగారి పూర్వులు మోక్షగుండము గ్రామమువారు. ఆయన మైసూరు సంస్థానమునందలి ముద్దేనహళ్లిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. చిన్నతనముననే తండ్రి గతించుటచే, బెంగుళూరులో పిల్లలకు పాఠములు చెప్పి, ఆ యార్జనతో తాము చదువుకొనిరి. 1881లో బి.ఏ. పట్టమునొందిరి. 1883లో పూనాయందు ఇంజనీరు పరీక్షలో ప్రథములుగా తేఱి, బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరిరి.

1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదునందు మూసీనది పొంగెను. ఎగువనున్న చెఱువులు రెండువందలకు పైగా తెగుటచే నీరు ఒక్కుమ్మడి నగరముపై బడెను. ఒడ్డుననున్న పేటలు కొట్టుకొనిపోయెను. వేలకొలది జనులు మడిసిరి. అఫ్జల్‌గంజి వద్ద నొక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి.

మఱుసటి యేట నిజాము ప్రభుత్వమువారు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. ఆయన వాన లెక్కలను, చెఱువుల తీరును, నదుల పోకడను శోధించిరి. వరదను ఊరి నడుమ నెదిరించుటకంటె ఊరికి ఎగువనే నిలుపుట మేలని నిశ్చయించి, మూసీ, ఈసీ నదులపై రెండు జలాశయములను కట్టవలెనని సూచించిరి. ఆ ప్రకారము 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియయ్యెను. నాడు నగరమును ముంచిన నదుల నీరే పిమ్మట నగరవాసులకు త్రాగునీరయ్యెను.

అంతటితో వారి యాలోచన ముగియలేదు. మురుగునీరు భూమిలోపలి కాలువలగుండ పోవలెననియు, నదీతీరమున తోటలు వేయవలెననియు, ఇరుకు పేటలు బాగుపడవలెననియు వారు తలంచిరి. ఇది మిక్కిలి గమనింపదగినది. బీదల పేటలో పుట్టిన అంటువ్యాధి ధనికుల వీధికి రాక మానదు. ఊరిలో ఒక భాగమును విడిచి తక్కిన భాగమును బాగుచేయుట సాధ్యము గాదు.

ఆయన 1912 మొదలు 1918 వఱకు మైసూరు దివానుగా నుండిరి. 1955లో భారతరత్న బిరుదమునొంది, నూఱేండ్లు నిండిన పిమ్మట 1962 ఏప్రిల్ 14వ తేదీన కాలధర్మము నొందిరి.

అయినను 2020 అక్టోబరునందు హైదరాబాదు మరల నీట మునిగెను. చెఱువులలోను, కాలువల దారులలోను ఇండ్లు కట్టిన పేటలు మిక్కిలి యిడుములనొందెను. జలాశయము ఎగువ నీటిని నిలుపగలదు గాని, ఊరిలో మనము మూసిన దారిని తెఱవజాలదు. నీరు పల్లమెఱుగునని పెద్దలందురు; ఆ పల్లమును ఊరివారును ఎఱిగియుండవలెను. మన వీధిలో పడిన వాన ఏ దారిన సరస్సును చేరుచున్నదో, ఆ దారిలో ఎవరి యిల్లున్నదో విద్యార్థులు ఈ వానకాలమున నడచి చూతురుగాక.