సామర్లకోట తోట నుంచి భారత వృక్షశాస్త్రానికి: విలియం రాక్స్‌బర్గ్ జీవితం

మందిర్ హసౌద్ (రాయ్‌పూర్): రాయ్‌పూర్‌కు తూర్పున మందిర్ హసౌద్ దాటి మహాసముంద్ వైపు సాగే కొద్దీ పొలాలు తగ్గి అడవి మొదలవుతుంది. వేసవి వచ్చిందంటే అక్కడి గిరిజన కుటుంబాలకు తెందూ ఆకు కోతే ప్రధాన జీవనాధారం. తెలుగు నేలపై తునికాకుగా పేరున్నది ఈ ఆకే. ఛత్తీస్‌గఢ్ తన రాష్ట్ర వృక్షంగా ఎంచుకున్న సాల వృక్షమూ, పూలు రాల్చి ఊరంతటికీ ఆహారమిచ్చే ఇప్ప చెట్టూ ఈ అడవులవే. ఈ మూడింటి శాస్త్రీయ చరిత్రలోనూ ఒకే పేరు కనిపిస్తుంది. ఆ పేరు విలియం రాక్స్‌బర్గ్. తునికిని డయోస్పైరాస్ మెలనోజైలాన్‌గా వర్ణించినవాడు ఆయనే. నాటి గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేరు మీదుగా సాల వృక్షానికి షోరియా అనే ప్రజాతి నామాన్ని ఎంచినవాడూ ఆయనే. ఇప్పకు ఆయన ఇచ్చిన పేరు తరువాతి కాలంలో మారినా, దాని తొలి వర్ణనల్లో ఆయనది ముఖ్యమైనది. భారత వృక్షశాస్త్ర పితగా పేరొందిన ఈ స్కాట్లాండ్ వైద్యుడు తన విద్యలో అధికభాగాన్ని నేర్చినది మాత్రం నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో.

ఓడ వైద్యుడిగా ప్రస్థానం

రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దపు మధ్యకాలంలో స్కాట్లాండ్‌లోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో జన్మించాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివాడు. నాటి వైద్యవిద్యలో వృక్షశాస్త్రం విడదీయరాని భాగం. మందులు దాదాపు అన్నీ మొక్కల నుంచే వచ్చేవి గనుక వైద్యుడు ముందుగా మొక్కను గుర్తుపట్టగలగాలి. అక్కడి ఆచార్యుడు జాన్ హోప్, లిన్నేయస్ వర్గీకరణ పద్ధతిని బ్రిటన్‌లో తొలుత బోధించినవారిలో ఒకడు. ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు, పువ్వు నిర్మాణాన్ని బట్టి స్థానం అనే ఆ పద్ధతిని రాక్స్‌బర్గ్ గురువు వద్దనే ఒంటబట్టించుకున్నాడు.

ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వైద్య సహాయకుడిగా పనిచేసిన అనంతరం 1776లో మద్రాసు వైద్య విభాగంలో చేరాడు. అక్కడ మొదటి నుంచీ ఆయన శ్రద్ధ రెండు విషయాలపై నిలిచింది. ఒకటి మొక్కలు, రెండవది వాతావరణం. సెయింట్ జార్జ్ కోటలో వాయుపీడనాన్ని, ఉష్ణోగ్రతను క్రమం తప్పకుండా కొలిచి నమోదు చేశాడు. ఆ దినచర్య లండన్‌లోని రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురితమైంది. ఈ అలవాటు పదిహేనేళ్ల తరువాత ఒక మహా విపత్తును అర్థం చేసుకోవడానికి పనికివస్తుందని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

సామర్లకోటలో పన్నెండేళ్లు

1781లో ఆయన సామర్లకోట చేరాడు. అక్కడి కంపెనీ సైన్యానికి వైద్యం చేస్తూనే తోట పెంపకం ప్రారంభించాడు. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, మల్బరీ, నీలిమందు వంటి పంటలపై ప్రయోగాలు చేశాడు. రాజమహేంద్రవరానికి ఎగువనున్న కొండల్లో మిరియపు తీగ సహజంగా పెరుగుతున్నదని గుర్తించి, ఆ అడవి తీగలను తోటకు తెప్పించాడు. పెద్దాపురం ప్రాంతపు రైతులు చెరకును ఎలా నాటుతారో, ఎలా కట్టలుగా జడవేసి నిలబెడతారో, బెల్లం ఎలా వండుతారో పరిశీలించి వివరంగా రాశాడు. కంపెనీకి కావలసింది లాభం తెచ్చే సరుకు. ఆయన నియామకం వెనుకనున్న ఉద్దేశమూ అదే. అయితే ఆ పని కోసం కొండలెక్కిన వైద్యుడు, లాభంతో నిమిత్తం లేని మొక్కలను కూడా వదలకుండా పరిశీలించాడు.

ఈ కాలంలో ఆయనకు తోడ్పడినవారు ఇద్దరు. లిన్నేయస్ శిష్యుడైన యోహాన్ కోనిగ్ తరంగంబాడి నుంచి వచ్చి దక్షిణాదిన మొక్కలు సేకరించాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కోనిగ్ మరణశయ్యపై ఉన్నప్పుడు వైద్యం చేసినవాడు రాక్స్‌బర్గే. రెండవవాడు విశాఖపట్నంలో ఉంటూ పాములపై పరిశోధించిన పాట్రిక్ రసెల్. తీర ప్రాంతపు ఉపయోగకరమైన మొక్కలను బొమ్మలతో సహా ముద్రించాలన్న ఆలోచనకు ఆయనే ప్రోత్సాహమిచ్చాడు. రసెల్ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీకి కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా ఆ బాధ్యత రాక్స్‌బర్గ్‌కు దక్కింది.

దారి సాఫీగా సాగలేదు. గోదావరి ముఖద్వారం సమీపంలోని ఇంజరం వద్ద సముద్రం పొంగి ఊళ్లను ముంచెత్తినప్పుడు, ఏళ్ల తరబడి కూడబెట్టిన ఎండు మొక్కల నమూనాలు, పుస్తకాలు, రాతప్రతులు కొట్టుకుపోయాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి సేకరణకు పూనుకున్నాడు. ఎండిన నమూనా తేమకూ పురుగుకూ నీటికీ లొంగిపోతుంది. రంగుల బొమ్మను ఒకటికి రెండు ప్రతులుగా గీయించి ఒకటి దూరతీరానికి పంపితే అది నిలుస్తుంది. ఆయన జీవితపు కృషిలో బొమ్మలకు దక్కిన ప్రాధాన్యాన్ని ఈ నష్టం నేపథ్యంలో చూడవలసి ఉంటుంది.

పేరు దక్కని చిత్రకారులు

రాక్స్‌బర్గ్ భారతీయ చిత్రకారులను నియమించుకొని, తాజా కొమ్మను ఎదురుగా ఉంచి, పువ్వును విడదీసి చూపుతూ బొమ్మలు గీయించాడు. 1790 నాటికే కొన్ని వందల చిత్రాలు సిద్ధమయ్యాయి. వర్ణనలతో కలిపి వాటిని లండన్‌కు పంపగా, జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో ఎంపిక చేసినవి కోరమాండల్ తీరపు మొక్కలు అనే పేరుతో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. మొత్తం 300 చిత్రఫలకాలు. తెలుగు నేలపై పెరిగే అడవి మొక్కలు ప్రపంచ శాస్త్ర లోకానికి ఇంత నిండుగా పరిచయం కావడం అదే మొదలు. కానీ ఆ గీతల వెనుక ఉన్న సామర్లకోట చిత్రకారుల పేర్లు గ్రంథానికి ఎక్కలేదు.

వారి పేర్లు లేకపోయినా మొక్కల తెలుగు పేర్లు మాత్రం నిలిచాయి. తాను వర్ణించిన మొక్కను తెలింగులు ఏమని పిలుస్తారో నమోదు చేయడం రాక్స్‌బర్గ్ నియమంగా పెట్టుకున్నాడు. సామర్లకోట, పెద్దాపురాలకు ఉత్తరాన ఉన్న కొండల్లో జ్వరానికి వాడే సోమిద మాను ఇందుకు ఉదాహరణ. నాటి ఐరోపాలో మలేరియా జ్వరానికి దక్షిణ అమెరికా సింకోనా బెరడే గతి. దానికి ప్రత్యామ్నాయంగా సోమిద బెరడు పనికివస్తుందని తలచి 1793లో ఆయన ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రకటించాడు. అది సింకోనా స్థానాన్ని ఆక్రమించలేదు. అయితే ఆ తెలుగు పేరు తరువాత సోయిమిడా అనే ప్రజాతి నామంగా మారి, ప్రపంచ వృక్షశాస్త్రంలో శాశ్వతంగా నిలిచిపోయింది.

చిరివేరు మరొక ఉదాహరణ. కలంకారీ వస్త్రాలకు ఎర్రరంగునిచ్చే ఈ చిన్న మొక్క సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరుగుతుంది. సాగుచేసిన వేరు కంటే తీరాన సహజంగా పెరిగిన వేరులో రంగు పాలు ఎక్కువన్న అద్దకపువారి అనుభవాన్ని రాక్స్‌బర్గ్ శాస్త్ర గ్రంథంలో చేర్చాడు. అలాగే అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలిమందు తీయవచ్చునని ప్రయోగాలు చేసి చూపాడు. దంతంలా తెల్లగా, నునుపుగా ఉండే ఆ కలపతోనే ఏటికొప్పాక కళాకారులు నేటికీ బొమ్మలు చేస్తున్నారు. ఆ బొమ్మలకు పూసే లక్క పుట్టుకను సైతం ఆయనే పరిశీలించాడు. సామర్లకోట సమీపపు కొండల నుంచి తెప్పించిన కొమ్మలపై లక్క పురుగులు పొదిగి బయటికి వచ్చే తీరును గమనించి, 1791లో రాయల్ సొసైటీ పత్రికలో వివరించాడు.

కరవు నేర్పిన పాఠం

1790 తరువాత ఉత్తర సర్కారులను ఘోరమైన అనావృష్టి కబళించింది. దేశంలోని అనేక ప్రాంతాల్లో పుర్రెల కరవుగా గుర్తుండిపోయిన విపత్తు అది. సామర్లకోటలో వర్షపాతాన్ని ఏటేటా కొలుస్తూ వచ్చిన రాక్స్‌బర్గ్ వద్ద, వాన ఎప్పటి నుంచి ఎంత తగ్గిందో అంకెలతో సహా ఉంది. ఇంతటి కరవు మునుపు వచ్చిందా అని ఆయన ఆరా తీయగా, పిఠాపురం సంస్థానంలో నిలిచిన జ్ఞాపకాల ద్వారా 1685-87 నాటి అనావృష్టి సంగతి తెలిసింది. కరవు ఒక్కసారి వచ్చిపోయే దైవఘటన కాదని, దీర్ఘకాలిక వాతావరణ చక్రంలో భాగమని గ్రహించడానికి ఇది తొలి మెట్టు. ఆయన కొలతలను ఆధునిక పరిశోధకులు ఆనాటి ఎల్‌నినో ఆనవాళ్ల కోసం మళ్లీ తెరచి చూశారు.

వాన తప్పితే వరి పోతుంది. లోతుగా వేళ్లూనిన చెట్టు మాత్రం కొంతకాలం తట్టుకుంటుంది. ఈ తేడాను కళ్లారా చూసిన రాక్స్‌బర్గ్ కొబ్బరి, తాటి, ఈత, పనస, అరటి వంటి ఆహార వృక్షాలను విరివిగా నాటించాలని కంపెనీ అధికారులకు ప్రతిపాదించాడు. కరవు రోజుల్లో పేదలు ఏ ఆకు, ఏ దుంప తిని బతికారో తెలుసుకోవడం ఆయనకు వృక్షశాస్త్రంలో అంతర్భాగమైంది. ఆదాయ శాఖ లెక్కల్లో బంజరుగా కనిపించే నేల, ఆకలి కాలంలో ఊరికి ధాన్యాగారమవుతుందన్న సత్యం గ్రామీణులకు ముందే తెలుసు. ఆయన దానికి శాస్త్ర భాషలో చోటిచ్చాడు.

కలకత్తాలో రెండు దశాబ్దాలు

1793లో కలకత్తా సమీపాన శిబ్‌పూర్‌లోని కంపెనీ వృక్షోద్యానానికి పర్యవేక్షకుడిగా వెళ్లాడు. 1787లో రాబర్ట్ కిడ్ స్థాపించిన ఆ తోటలో అప్పటికి సుమారు 300 రకాల మొక్కలున్నాయి. రాజమహేంద్రవరం ప్రాంతం నుంచి రాక్స్‌బర్గ్ పంపిన విత్తనాలతో మొలిచిన టేకు చెట్లు ఆయన కంటే ముందే అక్కడ వేళ్లూనాయి. ఇరవై ఏళ్లలో ఆ సంఖ్య సుమారు 3,500కు చేరింది. ఆ జాబితాను సెరాంపూర్ మిషనరీ విలియం కేరీ 1814లో ముద్రించాడు. ఆ తోటలో రాక్స్‌బర్గ్ గీయించిన చిత్రాలు 2,500కు పైబడ్డాయి. అవి నేటికీ అక్కడి భద్రాగారంలో ఉన్నాయి. వాటి ప్రతులు లండన్ సమీపంలోని క్యూ ఉద్యానంలో ఉన్నాయి.

ఆరోగ్యం క్షీణించడంతో 1813లో భారతదేశాన్ని విడిచాడు. దారిలో సెయింట్ హెలీనా ద్వీపంలో ఆగినప్పుడు సైతం అక్కడి మొక్కల జాబితా తయారుచేశాడు. 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశాడు. జీవితకాలపు శ్రమ ఫలమైన ఫ్లోరా ఇండికా గ్రంథాన్ని అచ్చులో చూసుకోలేదు. తొలి సంపుటం 1820లో, మూడు సంపుటాల కూర్పు 1832లో వెలువడ్డాయి. హిమాలయాల చీర్ దేవదారుకు తరువాతి శాస్త్రవేత్తలు పైనస్ రాక్స్‌బర్గై అని పేరు పెట్టి ఆయనను స్మరించుకున్నారు.

నేటికి మిగిలిన ప్రశ్న

రాక్స్‌బర్గ్ వర్ణించిన అడవి మొక్కల్లో కొన్నింటి పరిస్థితి నేడు ఆందోళనకరంగా ఉంది. ఆయన స్టెర్క్యులియా యూరెన్స్‌గా నామకరణం చేసిన తపసి చెట్టు ఇందుకు తార్కాణం. దాని బంకకు ఆహార, ఔషధ పరిశ్రమల్లో గిరాకీ ఎక్కువ. గొడ్డలితో లోతుగా నరికి బంక తీయడం వల్ల అనేకచోట్ల చెట్లు ఎండిపోయాయి. చిన్న గాటు పెట్టి, చెట్టు మానడానికి వ్యవధి ఇచ్చే పద్ధతిలో ఆంధ్రప్రదేశ్‌లోని గిరిజన సహకార సంస్థ సేకరణదారులకు శిక్షణ ఇచ్చింది. సోమిదకు, వేగికి కూడా బెరడు ఒలవడమే ముప్పు. చుట్టూ బెరడు తీసిన చెట్టుకు ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు అందదు. అది క్రమంగా చనిపోతుంది.

రెండు శతాబ్దాల క్రితం నాటి బొమ్మ ఇక్కడే అక్కరకు వస్తుంది. ఏ మొక్క ఏ కొండపై, ఏ నేలలో పెరిగేదో తెలిస్తేనే అది ఎక్కడ తగ్గిందో, ఎక్కడ మాయమైందో నిర్ధారించడం సాధ్యం. ఆ విధంగా రాక్స్‌బర్గ్ వర్ణనలు తూర్పు కనుమల వృక్షసంపదకు తొలి లెక్క.

ఆ లెక్కలో ఒక లోటు ఉంది. మొక్కను చూపిన కోయ, కొండరెడ్డి పెద్దలకు గానీ, వేరును వివరించిన అద్దకపువారికి గానీ, బొమ్మ గీసిన చిత్రకారులకు గానీ అందులో వాటా దక్కలేదు. లాభమూ కీర్తీ సముద్రం దాటాయి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఈ లోటును పూడ్చే ఉద్దేశంతో వచ్చింది. స్థానిక మొక్కలు, వాటి వాడుక, ఆ పరిజ్ఞానం కలవారి వివరాలతో ప్రతి స్థానిక సంస్థా ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు నిర్వహించాలని, వాణిజ్య ఫలంలో వారికి వాటా ఉండాలని అది నిర్దేశిస్తోంది. మందిర్ హసౌద్ పరిసర గ్రామాలకైనా, సామర్లకోట పరిసర గ్రామాలకైనా ఈ నియమం ఒక్కటే. తునికి, సాల, ఇప్ప, తపసి పేర్ల పక్కన ఈసారి వాటిని ఎరిగిన ఊరివారి పేర్లు కూడా చేరితే, సామర్లకోటలో మొదలైన ఆ గ్రంథం పూర్తయినట్లు అవుతుంది.