నవ్వించినవాళ్లని మర్చిపోని రాజబాబు

రాజమండ్రి కమెడియన్ అంటే ఇవాళ్టి పిల్లలకి అలీ భాయ్. వాళ్ల తాతల కాలంలో రాజబాబు.

అసలు పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు. రాజమహేంద్రవరంలోనే పుట్టారు. ఇంటర్ అయ్యాక టీచర్ ట్రైనింగ్ చేసి కొన్నాళ్లు తెలుగు పంతులుగా పనిచేశారు. కానీ మనసంతా నాటకాల మీదే. స్టేజీ మీద ఆయన్ని చూసిన గరికపాటి రాజారావు సినిమాల్లోకి వెళ్లమన్నారు. అంతే, 1960లో ఇంట్లో చెప్పకుండా మద్రాసు వెళ్లిపోయారు. అక్కడ వేషాలు ఎవరిస్తారు? హాస్యనటుడు అడ్డాల నారాయణరావు పిల్లలకి ట్యూషన్ చెప్పుకుని పొట్ట నింపుకున్నారు. తొలి సినిమా ‘సమాజం’.

తర్వాత వందల సినిమాలు. రమాప్రభతో కలిసి తెర మీదకొస్తే చాలు, హాల్లో నవ్వులే. దాసరి నారాయణరావు దర్శకుడిగా తీసిన మొదటి సినిమా ‘తాత మనవడు’లో ఎస్.వి.రంగారావు పక్కన ముఖ్య పాత్ర ఆయనదే.

డబ్బొచ్చాక ఆయన చేసిన పని ఇంకా పెద్దది. ఏటా పుట్టినరోజు నాడు తనకన్నా ముందుతరం నటుల్ని పిలిచి సన్మానించేవారు. డాక్టర్ శివరామకృష్ణయ్య, రేలంగి, సూర్యకాంతం, సావిత్రి... హీరోలకి దండలు వేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వేషాలు తగ్గిన హాస్యనటుడి గుమ్మం తొక్కేదెవరు? ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. సొంతూరినీ మర్చిపోలేదు. దానవాయిపేటలో పారిశుద్ధ్య కార్మికులకి స్థలం ఇచ్చారు. కోరుకొండ జూనియర్ కాలేజీకి సాయం చేశారు, దానికి ఆయన పేరే పెట్టారు.

1983 ఫిబ్రవరి 14న హైదరాబాద్‌లో కన్నుమూశారు. అప్పటికి యాభై ఏళ్లు కూడా నిండలేదు. తమ్ముళ్లు చిట్టిబాబు, అనంత్ కూడా సినిమాల్లో నవ్వులు పండించినవాళ్లే.