కొలత తెలిసిన మనిషి - డా॥ యల్లాప్రగడ సుబ్బారావు

సుబ్బారావుగారి పేరు చెప్పగానే మనవాళ్ళకు ఆరియోమైసిన్, ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకిచ్చే హెట్రజాన్ గుర్తుకొస్తాయి. కాని శాస్త్రలోకం ఆయన్ని మొదట గుర్తించింది మందువల్ల కాదు, ఒక కొలతవల్ల. వార్డుల్లో రోజూ కొలతలు తీసే మన నర్సింగ్, మెడికల్ విద్యార్థులకు ఆ కథ తెలియాలి.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషను మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు తొడుక్కొని ఆపరేషను గదికి వెళ్ళినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరుకు కోపం వచ్చింది. రాత పరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. పరీక్ష కూడా ఒక కొలతే గదా! అందులోకి చదువుతో సంబంధం లేని కోపం చొరబడింది.

తరవాత బోస్టన్ చేరి హార్వర్డులో ఉష్ణమండల వైద్యం డిప్లొమా చేశారు. పొట్టపోసుకోవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు కడిగారు. ఆ పైన సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో తేల్చడం అప్పట్లో తలనొప్పి వ్యవహారం. వచ్చిన రంగు నిలిచేది కాదు. 1925లో వీరిద్దరూ మాలిబ్డేటుతో నీలిరంగు రప్పించి, తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి చూసే పద్ధతి ప్రకటించారు. ఎవరు చేసినా, ఎన్నిసార్లు చేసినా అదే అంకె రావాలి. దీన్నే విశ్వసనీయత అంటాం.

అసలు సంగతి ఆ తరవాత జరిగింది. కండరం రసంతో చేస్తే రంగు ఆలస్యంగా వస్తోంది. ఇంకొకరైతే కాసేపాగి, వచ్చిన అంకె రాసుకొని పోయేవారే. వీళ్ళు ఎందుకని వెతికారు. అందులో క్రియాటిన్‌తో కలిసిన భాస్వరం ఉంది. పరీక్షలో వాడే ఆమ్లానికే అది మెల్లగా విడిపోతోంది. అంటే అంతకు ముందు కండరంలో విడి భాస్వరమని అందరూ లెక్కగట్టినదాంట్లో చాలా భాగం విడిది కాదన్నమాట! అంకె నిలకడగానే వచ్చేది, కాని కొలవదలచుకున్నది అది కాదు. ఇక్కడ లోపించింది సప్రమాణత. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ ఇలా బయటపడింది.

లావుపాటి చేతికి చిన్న పట్టీ చుట్టి రక్తపోటు చూడండి, పదిసార్లు చూసినా ఎక్కువే చూపిస్తుంది. పదిసార్లూ ఒకటే వచ్చిందని థీసిసులో రాసుకుంటే ఏం లాభం?

1929లో ఏ.టి.పి., 1930లో పిహెచ్.డి. హార్వర్డు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళారు. పైన చెప్పిన మందులన్నీ అక్కడివే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, నిద్రలో కన్నుమూశారు. ఆ భాస్వరం పరీక్షకు మాత్రం బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరు నిలిచిపోయింది.