ముందు తన ఒంటికే సూది



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లోని ముసలివాళ్ళను అడిగి చూడండి. ఒకప్పుడు మశూచి వచ్చిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అమ్మవారు పోసిందనేవారే గాని జబ్బు పేరు ఎత్తేవారు కాదు. టీకాలవాళ్ళు వస్తున్నారంటే పిల్లల్ని దాచిన ఇళ్ళూ ఉండేవి. 1975తో మన దేశంలో మశూచి ఆగింది. భయం మాత్రం ఆగలేదు. 2021లో కోవిడ్ టీకా వచ్చినప్పుడు అదే భయం మళ్ళీ మన గడప తొక్కింది. ఆ టీకాల్లో ఒకటి మన హైదరాబాద్‌లోనే తయారైనా, భయపడేవాళ్ళు భయపడుతూనే ఉన్నారు.

ఈ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తేలిక. కాని భయానికి కూడా దాని లెక్కలు దానికుంటాయి. ఆ లెక్కలన్నిటినీ ఎదుర్కొని, చివరికి వాటివల్లనే దెబ్బతిన్న ఒక మనిషి జీవితాన్ని ఈ వారం చెప్పుకుందాం. ఆయన పేరు వాల్డెమార్ హాఫ్‌కిన్.

హాఫ్‌కిన్ 1860లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. ఒడెస్సా విశ్వవిద్యాలయంలో మెచ్నికోవ్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడి దగ్గర చదువుకున్నాడు. యూదుల ఇళ్ళమీద అల్లరిమూకలు దాడులు చేస్తున్న రోజులవి. తనవాళ్ళకు అడ్డంగా నిలబడి గాయపడ్డాడు, జైలుకూ వెళ్ళాడు. అక్కడి రాజమతంలో కలిస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. పదవి కోసం మనస్సాక్షిని అమ్ముకోవడం ఇష్టంలేక కాదన్నాడు. చివరికి పారిస్ చేరి, పాశ్చర్ పరిశోధనాలయంలో మొదట గ్రంథాలయం పని చేస్తూ, మిగిలిన వేళల్లో కలరా క్రిముల మీద పరిశోధన సాగించాడు.

కలరాకు టీకా తయారయ్యింది. మరి మొదట ఎవరికి వెయ్యాలి? 1892 జూలై 18న ఆయన దాన్ని తన ఒంటికే ఎక్కించుకున్నాడు. జ్వరం వచ్చింది, తగ్గింది. ఆ తరువాతే ఇంకొకరి ఒంటిమీద చెయ్యి వేశాడు.

1893లో కలకత్తా వచ్చాడు. ఆయన తెల్లవాడు, పరదేశి, చేతిలో సూది. మురికివాడల్లో జనం రాళ్ళు విసిరారని చెబుతారు. వాళ్ళ వైపునుంచి కూడా చూద్దాం. జబ్బు పడ్డవాడు మందు కోసం చెయ్యి చాపుతాడు. ఒంట్లో ఏ బాధా లేనివాడిని పిలిచి, జబ్బు పుట్టించే క్రిమినే ఒంట్లోకి ఎక్కిస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? పైగా మందు పనిచేస్తే జబ్బు తగ్గడం కంటికి కనబడుతుంది. టీకా పనిచేస్తే ఏమీ కనబడదు. రాని జబ్బును ఎవరూ చూడలేరు. సూది నొప్పి, రెండు రోజుల జ్వరం మాత్రం అందరికీ కనబడతాయి.

హాఫ్‌కిన్ వాదనకు దిగలేదు. జనం మధ్యనే తన ఒంటికి సూది వేయించుకున్నాడని చెబుతారు. మన దేశపు డాక్టర్లను వెంటబెట్టుకుని తిరిగాడు. కట్టల్ బాగాన్ అనే వాడలో సుమారు 200 మందిలో 116 మంది ముందుకొచ్చారు. తరువాత అక్కడ కలరా సోకినవాళ్ళంతా టీకా వేయించుకోని వాళ్ళే. పరదేశి మాటకంటే పక్కింటివాడి క్షేమం ఎక్కువ నమ్మించింది.

1896లో బొంబాయిలో ప్లేగు లేచింది. బతుకుదెరువుకు బొంబాయి, భీవండి, షోలాపూర్ వెళ్ళడం మన ప్రాంతానికి కొత్త కాదు. నైజాం ఇలాకానుంచి వలసపోయిన కూలీల పేరుమీదనే బొంబాయిలో కామాటిపుర వెలసింది. అలాంటి ఇరుకు వాడల్లోనే ప్లేగు చెలరేగింది. సర్కారు దాన్ని అణచడానికి బలప్రయోగానికి దిగింది. ఇళ్ళలోకి జొరబడి సోదాలు చేశారు. రోగుల్ని ఇంటివాళ్ళనుంచి విడదీసి లాక్కుపోయారు. ఆసుపత్రికి పోయినవాళ్ళను చంపి, శరీరాల్లోంచి మందు తీస్తారన్న పుకారు పుట్టింది. ఆ ఏడాది అక్టోబరులో మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిమీద దాడి చేశారు. పుకారు అబద్ధమే. కాని బలవంతం నిజం. లాఠీతో వచ్చిన చెయ్యి మేలు చేస్తానన్నా ఎవరు నమ్ముతారు?

హాఫ్‌కిన్ అక్కడే కొద్దిమంది సహాయకులతో మూడు నెలలు రాత్రింబవళ్ళు పనిచేసి ప్లేగు టీకా తయారుచేశాడు. 1897 జనవరి 10న మళ్ళీ తన ఒంటికే మొదటి సూది. ఆ నెలలోనే బైకుల్లా జైలులో ప్లేగు పుట్టింది. ఇష్టపడి ముందుకొచ్చిన సుమారు 150 మంది ఖైదీలకు టీకా వేశాడు. వాళ్ళలో ప్లేగు తక్కువగా కనిపించింది. ఆ రోజుల్లోనే ఆగాఖాన్ తన అనుచరుల ఎదుట తానే టీకా వేయించుకున్నాడు. పెద్దాయనను చూసి వేలమంది ఆయన వెంట నడిచారు. సర్కారు ఉత్తర్వులు చెయ్యలేని పనిని నమ్మకమున్న పెద్ద ఒకాయన చేసి చూపించాడు.

తరువాత పెద్ద దెబ్బ తగిలింది. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకా వేశారు. వాళ్ళలో ఒకే సీసానుంచి మందు తీసి వేసిన 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. ఆ కుటుంబాల దుఃఖాన్ని ఏ లెక్కా తీర్చలేదు. వాళ్ళు టీకాకు భయపడితే తప్పు పట్టలేం. కాని తప్పు ఎక్కడ జరిగిందని నిదానంగా వెదకవలసిన అధికారులు తొందరపడ్డారు. బొంబాయి ప్రయోగశాలలోనే మందు చెడిందని తేల్చి, హాఫ్‌కిన్‌ను పదవినుంచి తప్పించారు.

అయితే ఆ రోజు గ్రామంలో సీసా మూత తీసిన సహాయకుడి చేతిలోని పటకారు నేలమీద పడిందనీ, దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే మళ్ళీ వాడారనీ సాక్ష్యంలోనే ఉంది. మన సికింద్రాబాద్‌లో 1897లో మలేరియా గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్ ఈ అన్యాయం మీద పట్టుబట్టి పోరాడాడు. 1907లో పదిమంది శాస్త్రజ్ఞులు లండన్ పత్రికలో హాఫ్‌కిన్ పక్షాన లేఖ ప్రకటించారు. ఆ ఏడాదే ఆయన మీద పడ్డ నింద తొలగింది. కలకత్తాకు తిరిగి వచ్చి 1914 వరకు పనిచేశాడు. పాత గౌరవం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. 1925లో బొంబాయి ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టారు. అప్పటికి అక్కడినుంచి 2 కోట్ల 60 లక్షల మోతాదుల ప్లేగు టీకా బయటికి వెళ్ళింది. 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండులోని లోజాన్‌లో ఒంటరిగా కన్నుమూశాడు.

ఆ 19 మరణాలు చరిత్రలో నిలిచిపోయాయి, నిలవవలసినవే. టీకావల్ల బతికినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. మన మనసు పనిచేసే తీరే అంత. కంటికి కనబడే ఒక్క దుఃఖం, కనబడని వెయ్యి క్షేమాలకంటే బరువుగా తూగుతుంది. తల్లి మనసు ఇంకో లెక్క కూడా వేస్తుంది. టీకా వేయించక బిడ్డకు జబ్బు వస్తే అది విధి. వేయించాక ఏదైనా జరిగితే అది తన చేతులారా చేసింది. నిజానికి వేయించకపోవడమూ మనం చేసే నిర్ణయమే.

మన పెద్దలు కాకతాళీయ న్యాయమని ఒకటి చెప్పారు. కాకి వాలిన క్షణంలోనే తాటిపండు రాలితే కాకే రాల్చిందనుకుంటాం. టీకా వేసిన వారంలో వచ్చిన ప్రతి జబ్బూ టీకావల్లే అనుకోవడమూ అలాంటిదే. అలాగని ప్రతిదాన్నీ కాకతాళీయమని తోసిపుచ్చకూడదు. ముల్కోవాల్‌లో జరిగినట్టు నిజంగా తప్పు జరగవచ్చు. కనుక ఏమి జరిగిందో డాక్టరుకు చెప్పాలి, కారణం వెదకమని అడగాలి.

మన విచారణల్లోని తల్లిదండ్రులకూ, తాతమ్మలకూ, ఉపదేశులకూ నా మనవి ఇది. టీకాకు వెనకాడే ఇంటికి వెళితే కసరకండి, ఎగతాళి చేయకండి. భయమేమిటో ముందు వినండి. జ్వరం రావచ్చన్న సంగతి దాచకండి. మీరు వేయించుకున్నారో లేదో, మీ మనవళ్ళకు వేయించారో లేదో చెప్పండి. ఈ వారం మీ ఇంటి పసిపిల్లల టీకా కార్డు తీసి చూడండి. ఏ గడి ఖాళీగా ఉందో ఆశా కార్యకర్తను అడగండి. పక్కింట్లో వెనకాడుతున్న తల్లి ఉంటే, టీకాల రోజున మీ బిడ్డతోపాటు ఆమెను కూడా పిలుచుకుని వెళ్ళండి.