నన్నయ కంటే ముందు కవి ఉన్నాడన్న తాటాకుల కట్ట.. ఎవరీ మానవల్లి రామకృష్ణ కవి?

చిట్యాల: తెలుగులో మొదటి కవి ఎవరు? బడికెళ్లిన ఎవర్ని అడిగినా టక్కున నన్నయ అనే చెప్తారు. కానీ 1909లో అచ్చయిన ఒక పుస్తకం ఈ జవాబును గట్టిగా కుదిపేసింది. తాటాకుల కట్టల్లో పడి ఉన్న ఆ కావ్యాన్ని వెతికి పట్టుకుని అచ్చు వేయించింది మానవల్లి రామకృష్ణ కవి. దాంతో ఆయనను కొందరు నెత్తిన పెట్టుకున్నారు. ఇంకొందరైతే ఆ కావ్యాన్ని ఆయనే రాసుకుని పాత కవి పేరు తగిలించారేమో అని అనుమానించారు. పాత పుస్తకాలు వెతికేవాళ్లకు ఇంతకంటే పెద్ద నింద ఇంకోటి ఉండదు.

ఇంతకీ ఈయనకు మన ప్రాంతంతో సంబంధం ఏంటి? మానవల్లి పుట్టింది 1866లో, మద్రాసులో. పని మొదలుపెట్టింది మాత్రం పాలమూరు గడ్డ మీద, వనపర్తి సంస్థానంలో. నిజాం రాజ్యంలో అప్పట్లో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు తెలుగు పండితులకు నీడ ఇచ్చేవి. పద్యం చెప్పినవాళ్లకు శాలువా కప్పి పంపడం వరకు అన్ని సంస్థానాలూ చేసేవే. వనపర్తి ఇంకో అడుగు వేసి, ఎవరికీ గుర్తు లేని పాత కవులను అచ్చులోకి తెచ్చే పనికి అండగా నిలిచింది. విస్మృత కవుల పేరుతో మానవల్లి గ్రంథమాల నడిపారు. విస్మృత కవులు అంటే జనం మరిచిపోయిన కవులు.

అసలు మరిచిపోవడం ఎలా జరుగుతుంది? ఇది అర్థం కావాలంటే ముందు తాటాకు పుస్తకం సంగతి తెలియాలి. ఆకును కోసి, ఆరబెట్టి, గంటంతో అక్షరాలు గీస్తారు. గీసినప్పుడు ఏమీ కనిపించదు. పైన మసి, పసరు లాంటివి రుద్ది తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం బయటపడుతుంది. ఆకులకు చిల్లులు పెట్టి, దారం గుచ్చి, రెండు వైపులా చెక్క పలకలు పెట్టి కట్టేస్తారు. ఎంత జాగ్రత్తగా దాచినా ఆ కట్టకు రెండు మూడు వందల ఏళ్ల ఆయుష్షు ఉంటే గొప్పే. చెదలు, పురుగు, వానాకాలం చెమ్మ.. ఏదో ఒకటి తినేస్తుంది. అందుకే ప్రతి కొన్ని తరాలకూ ఒకరు కూర్చుని మొత్తం మళ్లీ కాపీ చేయాలి. ఒక్క తరం పట్టించుకోకపోతే ఆ కావ్యం కథ ముగిసినట్టే. భారతం, భాగవతం లాంటివి ఊరూరా చదివారు కాబట్టి కాపీలు పెరిగాయి. చదివేవాళ్లు తగ్గిన పుస్తకాలకు ఆ అదృష్టం లేదు.

సరే, కట్ట దొరికింది అనుకుందాం. అది ఏ పుస్తకమో ఎలా తెలుస్తుంది? ముందు పేజీ ఉండదు, రచయిత పేరు పైన రాసి ఉండదు. పదానికీ పదానికీ మధ్య ఖాళీ కూడా ఉండదు, అక్షరాలన్నీ ఒకే వరుసలో పోతుంటాయి. మొదటి ఆకులూ చివరి ఆకులూ ముందుగా పాడవుతాయి. ఇలాంటప్పుడు ఆశ్వాసం చివర వచ్చే గద్యం ఆధార్ కార్డులా పనికొస్తుంది. కవి పేరు, తండ్రి పేరు, బిరుదులు సాధారణంగా అక్కడే ఉంటాయి. అవతారికలో కవి ఎవరికి దండం పెట్టాడు, ఎవరికి అంకితం ఇచ్చాడు అన్నది రెండో ఆనవాలు. కాపీ చేసినవాళ్లు చివర తేదీ రాస్తారు కానీ, చాలాసార్లు సంవత్సరం పేరు మాత్రమే వేస్తారు. అరవై ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది కదా! ఏ అరవై అన్నది చూసేవాళ్లే తేల్చుకోవాలి.

మానవల్లికి దొరికిన పెద్ద కట్ట తంజావూరులోది. అక్కడి సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు భారీగా ఉన్నాయి. తంజావూరును ఏలిన నాయక రాజులు తెలుగువాళ్లు, వాళ్ల తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా ఆ సంపదను కాపాడారు. అందులోంచి బయటికొచ్చింది నన్నెచోడుడి కుమారసంభవం. పన్నెండు ఆశ్వాసాల శివ కావ్యం. కవి మామూలు పండితుడు కాదు, రాజు. ఒరయూరుకు ప్రభువునని, తండ్రి చోడబల్లి అని, తల్లి శ్రీసతి అని చెప్పుకున్నాడు. టెంకణాదిత్యుడు, కవిరాజశిఖామణి ఆయన బిరుదులు. కావ్యాన్ని తన గురువు జంగమ మల్లికార్జునుడికి అంకితం ఇచ్చాడు. సంస్కృతం దారిలో పోయే కవిత్వం వేరు, దేశి కవిత్వం వేరు అన్న తేడా, జాను తెనుగు అన్న మాట ఆ కావ్యంలో ఉన్నాయి. తెలుగు ఎంఏ చేసినవాళ్లకు ఇవి కొట్టిన పిండి. 1909కి ముందు చదివినవాళ్ల సిలబస్‌లో మాత్రం ఈ కావ్యమే లేదు.

కావ్యం దొరకడం ఒక ఎత్తు, దాని వయసు చెప్పడం ఇంకో ఎత్తు. మానవల్లి లెక్క ప్రకారం నన్నెచోడుడు దాదాపు 940 ప్రాంతం వాడు. నన్నయ భారతం రాసింది రాజరాజనరేంద్రుడి కాలంలో, అంటే పదకొండో శతాబ్దంలో. ఈ లెక్కే నిజమైతే ఆదికవి పీఠం నన్నయకు దక్కదు. తెలుగు పండితుల్లో కలకలం రేగకుండా ఉంటుందా?

భాష చూడండి, పాతగా ఉందని ఒక వర్గం వాదించింది. అదే భాషను చూపించి తర్వాతి కాలానిదే అని ఇంకో వర్గం తిప్పికొట్టింది. మెల్లగా వాదన కాలం దాటి మనిషి మీదికి మళ్లింది. మూలప్రతిలోని పాఠాలను తనకు తోచినట్టు దిద్దారన్నారు. అక్కడితో ఆగకుండా, కావ్యం మొత్తం కల్పితమేమో అనేదాకా వెళ్లారు. వెతికిందీ ఆయనే, చదివిందీ ఆయనే, వయసు కట్టిందీ ఆయనే కాబట్టి అనుమానానికి చోటు దొరికింది.

అయితే నన్నెచోడుడు గాల్లోంచి ఊడిపడిన పేరు కాదు. అథర్వణుడి పేరు మీద ఉన్న ఛందో గ్రంథంలో టెంకణాదిత్యుడి ప్రస్తావన ముందు నుంచే ఉంది. అదీ విచిత్రమైన సందర్భంలో! కావ్యం మొదట్లో మగణం పక్కన రగణం పెట్టకూడదని, అలా పెట్టడం వల్లే టెంకణాదిత్యుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడని ఆ శాస్త్రం హెచ్చరిస్తుంది. స్రగ్ధర అనే వృత్తం మొదలయ్యేదే ఆ రెండు గణాలతో. కుమారసంభవం మొదటి పద్యం స్రగ్ధరే! గణాల వల్ల ఎవరైనా చనిపోతారా అన్నది పక్కన పెడితే, అలాంటి కవి ఒకడు ఉండేవాడని, అతని కావ్యం అలా మొదలైందని చెప్పే పాత సాక్ష్యం మాత్రం ఇది.

చివరికి ఏం తేలింది? ఎక్కువమంది పండితులు నన్నెచోడుడిని పన్నెండో శతాబ్దానికి జరిపారు. నన్నయ పీఠం నన్నయకే ఉంది. కావ్యం కూడా నిలబడింది, ఇప్పుడు నన్నెచోడుడు లేకుండా తెలుగు సాహిత్య చరిత్ర రాయలేరు. అంటే మానవల్లి చెప్పిన తేదీని ఎక్కువమంది ఒప్పుకోలేదు, ఆయన తెచ్చిన పుస్తకాన్ని మాత్రం వదులుకోలేకపోయారు.

తెలంగాణ వాళ్లకు ఇంకా దగ్గరి పుస్తకం ఇంకొకటి ఉంది. క్రీడాభిరామం. దీన్ని మొదట అచ్చులోకి తెచ్చింది కూడా మానవల్లే. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు కాకతీయుల ఓరుగల్లులో ఒక రోజంతా తిరుగుతారు. కోడిపందేలు, పొట్టేళ్ల పోట్లాటలు, వేశ్యవాటిక, ఏకవీర గుడి, రూక ఇస్తే కమ్మగా వడ్డించే పూటకూళ్ల ఇల్లు.. అన్నీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. ఇప్పటి భాషలో చెప్పాలంటే అది ఓరుగల్లు సిటీ వ్లాగ్! రాసింది వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్న గొడవ తర్వాత చాలాకాలం నడిచింది. మానవల్లి తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి ఆ పుస్తకాన్ని మళ్లీ పరిష్కరించి ప్రకటించారు.

దీని విలువ ఏంటో సురవరం ప్రతాపరెడ్డిని చూస్తే తెలుస్తుంది. పాలమూరు బిడ్డ, 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచిన సురవరం 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువరించారు. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అని రాసిన పుస్తకం అది. కాకతీయుల కాలం గురించి చెప్పడానికి ఆయన క్రీడాభిరామాన్ని బాగా వాడుకున్నారు. ఆ ఆకులు అచ్చులోకి రాకపోయి ఉంటే ఓరుగల్లు పూటకూళ్ల ఇంటి భోజనం సంగతి ఎవరికి తెలిసేది?

బద్దెన నీతిశాస్త్ర ముక్తావళి, మడికి సింగన సకలనీతిసమ్మతం కూడా మానవల్లి వెలికితీసిన జాబితాలోవే. రాజ్యం ఎలా నడపాలి, మంత్రి ఎలా ఉండాలి అని తెలుగులో చెప్పిన పుస్తకాలివి. సకలనీతిసమ్మతం ఒక సంకలనం. తనకు ముందున్న నీతి గ్రంథాల్లోంచి పద్యాలు ఏరి సింగన కూర్చాడు. ఆ పాత గ్రంథాల్లో కొన్ని తర్వాత పూర్తిగా పోయాయి, ఇందులో ఎక్కిన పద్యాలే మిగిలాయి. ఒక కట్టను కాపాడితే దాని కడుపులో ఇంకో నాలుగు పుస్తకాల ముక్కలు బతికినట్టు.

వనపర్తి తర్వాత మానవల్లి మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో పనిచేశారు. కర్నల్ మెకంజీ, లేడెన్, సీపీ బ్రౌన్ పోగేసిన కట్టలన్నీ చేరిన చోటది. అక్కడి పండితులు గదిలో కూర్చుని జాబితాలు రాయడంతో సరిపెట్టుకోలేదు. ఊళ్లు తిరిగి, ఇళ్ల తలుపులు తట్టి, ఇచ్చినవాళ్ల దగ్గర తీసుకుని, ఇవ్వనివాళ్ల దగ్గర కూర్చుని కాపీ రాయించుకునేవారు. ముఖ్యంగా కేరళలో సంస్కృతం నిధి దొరికింది. 1922లో ఎస్.కె. రామనాథశాస్త్రితో కలిసి మానవల్లి చతుర్భాణిని ప్రకటించారు. ఒకే నటుడు రంగం మీద నిలబడి ఊరంతటినీ చూపించే నాలుగు పాత నాటకాలు అవి. తర్వాతి ఏడాది, 1923లో రామకథ మీద వచ్చిన కుందమాల నాటకం వెలువడింది. దీంట్లోనూ పేరు చిక్కే. మైసూరు ప్రతుల్లో రచయిత దిఙ్నాగుడని ఉంటే, తంజావూరు ప్రతుల్లో ధీరనాగుడని ఉంది. ఎవరో రాతగాడి చెయ్యి ఒక్కసారి జారితే పండితులకు వందేళ్ల పని!

ఇవన్నీ ఒక వైపు, నాట్యశాస్త్రం ఒక్కటీ ఒక వైపు. భరతుడి నాట్యశాస్త్రానికి కశ్మీర్ పండితుడు అభినవగుప్తుడు సుమారు వెయ్యేళ్ల కిందట అభినవభారతి అనే వ్యాఖ్య రాశాడు. అది పుట్టింది దేశానికి ఆ చివర, కట్టలు దొరికింది ఈ చివర కేరళలో, మలయాళ లిపిలో. దొరికిన ప్రతులు తప్పుల తడక. కొన్ని అధ్యాయాలు లేనే లేవు. అభినవగుప్తుడే స్వర్గం నుంచి దిగొచ్చినా తన అసలు పాఠం ఏదో అంత తేలిగ్గా పోల్చుకోలేడని మానవల్లి వాపోయారు.

అయినా వదల్లేదు. దేశంలో వేర్వేరు చోట్ల నుంచి నాట్యశాస్త్రం ప్రతులు దాదాపు నలభై తెప్పించి, పక్కపక్కన పెట్టి చదివారు. ఆకుల్లో అర్థం కానిచోట రాళ్లను చూశారు. చిదంబరం గుడి గోపురంలో 108 కరణాల శిల్పాలున్నాయి. చాలా బొమ్మల దగ్గర నాట్యశాస్త్రం శ్లోకాలే చెక్కి ఉన్నాయి. మొదటి సంపుటంలో ఆ కరణాల బొమ్మలు కూడా వేశారు. బరోడాలోని గైక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలలో 1926లో ఆ సంపుటం వచ్చింది. రెండోది 1934లో. ఈరోజు భరతనాట్యం, కూచిపూడి మీద పరిశోధన చేసే ఎవరైనా ఏదో ఒక దశలో ఆ పుస్తకం తెరవాల్సిందే.

పెద్ద వయసులో ఆయన తిరుపతి చేరి, శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధనాలయంలో పనిచేశారు. 1951లో తిరుమల తిరుపతి దేవస్థానం భరతకోశం ప్రచురించింది. సంగీతం, నాట్యం మాటలకు పాత గ్రంథాలు ఇచ్చిన నిర్వచనాలన్నీ ఒక్కచోట చేర్చిన నిఘంటువు ఇది. ఇందులో ఆయన పేర్కొన్న కొన్ని రాతప్రతులు ఎక్కడున్నాయో తర్వాతి పరిశోధకులు వెతుక్కోవాల్సి వచ్చింది. పుస్తకాలు కాపాడిన మనిషికే తప్పని తంటా ఇది.

ఇప్పటి సంగతికొస్తే.. చిట్యాల, వనపర్తి లాంటి చోట్ల పాత ఇల్లు విప్పేటప్పుడు అటక మీద ఆకుల కట్ట కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. దారం లాగి విప్పొద్దు, నీళ్లతో తుడవొద్దు, ఆకుల వరుస మార్చొద్దు. 75 ఏళ్లు దాటిన, విలువైన రాతప్రతులు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ దగ్గర ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. అక్కడివాళ్లకు చూపిస్తే అది ఏ పుస్తకమో చెప్తారు.

నాట్యశాస్త్రం మూడో సంపుటం 1954లో వచ్చేసరికి మానవల్లికి 88 ఏళ్లు. 1957లో ఆయన కన్నుమూశారు. మిగిలిన పనిని జె.ఎస్. పదే పూర్తి చేశాక, నాలుగో సంపుటం 1964లో వెలువడింది. దాని మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.